అప్‌డేట్: బ్రౌన్ షుగర్ బదులు బెల్లంతో కుకీలు

చాక్లెట్ చిప్ కుకీలకు బ్రౌన్ షుగర్ బదులు ఏమి వేయవచ్చని మొన్న అడిగాను కదా, ఎక్కువమంది బెల్లమే అన్నారు. అనకాపల్లి బెల్లం తురిమి, జల్లించి, కప్పుకు కప్పు వేశాను. జల్లించడం మాత్రం మానకండి, ఉండలు వెన్నలో ఓ పట్టాన కలవవు. బ్రౌన్ షుగర్ అంటే మొలాసిస్ (పంచదార తయారీలో మిగిలే ముదురు రంగు చిక్కటి పాకం) ఉన్న పంచదారే. బెల్లంలోనూ అది సహజంగా ఉంటుంది కాబట్టి కుకీలు మధ్యలో మెత్తగా, అంచుల్లో కరకరలాడుతూ వచ్చాయి. రంగు ముదురుగా ఉంటుంది, మాడిందనుకొని కంగారుపడకండి. తీపి కాస్త తక్కువ, నాకదే నచ్చింది.

తాటిబెల్లం వేయమన్నవారికి: రుచి అద్భుతం, కానీ చాక్లెట్‌ను పూర్తిగా మింగేసింది. మిగిలినది అరటిపండు కేకుకు దాచాను.