1954 నాటి ‘అగమెమ్నాన్’ రాజుల విహారయాత్ర: పర్యాటక ప్రచారమా, పెళ్లిచూపులా?

ప్రశ్న (సాగరపథికుడు):

1954 ఆగస్టు చివర్లో గ్రీసు రాజు పాల్, రాణి ఫ్రెడెరికాల ఆహ్వానం మీద ఐరోపా రాజవంశాలకు చెందిన వందమందికి పైగా ‘అగమెమ్నాన్’ అనే ఓడ ఎక్కి, మధ్యధరా సముద్రంలో పది పన్నెండు రోజులపాటు విహరించారని ఇటీవల చదివాను. దాన్ని గ్రీసు పర్యాటకానికి దొరికిన తొలి పెద్ద ప్రచారమని కొందరు రాస్తుంటే, పెళ్లీడుకు వస్తున్న రాకుమారులకూ రాకుమార్తెలకూ సముద్రం మీద జరిపిన సామూహిక పెళ్లిచూపులని మరికొందరు తేల్చేస్తున్నారు. ఈ రెండింటిలో ఏది వాస్తవానికి దగ్గరగా ఉంది? స్పెయిన్ మాజీ రాజు జువాన్ కార్లోస్, పాల్-ఫ్రెడెరికాల కూతురు సోఫియాల ప్రేమ ఆ ఓడ మీదే మొదలైందన్న మాట నిజమేనా? ట్రోయ్ యుద్ధం ముగించుకుని ఇల్లు చేరగానే భార్య చేతుల్లో హతమైన రాజు పేరున్న ఓడలోకి ఒక రాణి ఇంతమంది రాజులను పిలవడం నాకు కొంచెం నవ్వు తెప్పించిందని కూడా చెప్పాలి.

జవాబు (పాతనాణెం):

ఆ యాత్రను అర్థం చేసుకోవాలంటే ముందు అప్పటి గ్రీసు పరిస్థితి చూడాలి. జర్మన్, ఇటాలియన్, బల్గేరియన్ సేనల ఆక్రమణ ముగిసీ ముగియకముందే దేశం అంతర్యుద్ధంలో పడింది, ఆ మంటలు 1949లో గానీ చల్లారలేదు. 1953 ఏప్రిల్‌లో ప్రభుత్వం డ్రాక్మా విలువను సగానికి సగం తగ్గించింది. అంతవరకు డాలరుకు 15,000 డ్రాక్మాలు వస్తుంటే, ఆ రోజు నుంచి 30,000 వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో అయోనియన్ దీవుల్లో వచ్చిన భూకంపం కెఫలోనియా, జకింథోస్ పట్టణాలను దాదాపు నేలమట్టం చేసింది. 1954 మేలో మూడు సున్నాలు కొట్టేసి కొత్త డ్రాక్మాను తెచ్చారు, డాలరుకు 30 చొప్పున. అంటే విదేశీయుడి చేతిలోని డాలరుకు గ్రీసులో ఒక్కసారిగా రెట్టింపు విలువ వచ్చింది గానీ, ఆ డాలరు పట్టుకుని వచ్చే విదేశీయుడే లేడు. పర్యాటక సంస్థను పునరుద్ధరించి, ‘జెనియా’ పేరుతో ప్రభుత్వమే హోటళ్లు కట్టించే పనికి పూనుకున్నది కూడా ఆ సంవత్సరాల్లోనే.

ఈ నేపథ్యంలో ఓడ ఆగిన కొర్ఫూ, క్రీట్, రోడ్స్, సాంతోరిని వంటి దీవుల వరుసను చూస్తే, ఇది ఎవరో తీరిక కొద్దీ వేసుకున్న దారి కాదని తెలుస్తుంది. సాంతోరినినే తీసుకోండి. రేవు నుంచి కొండ అంచున ఉన్న ఫీరా ఊరికి చేరాలంటే దాదాపు 580 మెట్లు, తీగమార్గం అప్పటికి ఇంకా రాలేదు, నడవలేనివారికి కంచరగాడిదే దిక్కు. ఏ దేశపు రాణి అయినా ఆ మెట్ల దగ్గర మామూలు యాత్రికురాలే. అటువంటి ఫొటో ఒక్కటి పత్రికల్లో పడితే చాలు, ఎంత ఖర్చు పెట్టి వేయించిన ప్రకటన అయినా దాని ముందు వెలవెలబోతుంది. రెండేళ్లు తిరగకుండానే, 1956 జులైలో, ఆ దీవిలో కూడా పెద్ద భూకంపం వచ్చింది గనుక, ఆ అతిథులు చూసిన ఊరు ఆ తర్వాత అలాగే మిగల్లేదు.

జవాబు (రాజముద్ర):

పైన పాతనాణెం గారు చెప్పిన ఆర్థిక కారణాలతో నేను ఏకీభవిస్తాను, కానీ ప్రయాణికుల జాబితా చదివితే మరో సంగతి కనబడుతుంది. నెదర్లాండ్స్ రాణి జూలియానా, లక్సెంబర్గ్ గ్రాండ్ డచెస్ షార్లెట్ వంటి ఏలికలు ఒకవైపు ఉంటే, రాజ్యం పోగొట్టుకున్నవారు మరోవైపు ఉన్నారు. ఇటలీ మాజీ రాజు ఉంబెర్తో 1946 జూన్ 2 నాటి ప్రజాభిప్రాయ సేకరణతో కిరీటం కోల్పోయి పోర్చుగల్‌లో కాలం గడుపుతున్నాడు. రుమేనియా రాజు మిహాయ్ చేత కమ్యూనిస్టులు 1947 డిసెంబరు 30న సింహాసనం వదులుకునే పత్రం మీద బలవంతంగా సంతకం పెట్టించుకున్నారు. బల్గేరియాకు చెందిన సిమియోన్ తొమ్మిదేళ్ల వయసులోనే దేశం విడిచినవాడు, ఆయనే 2001లో ఎన్నికల్లో గెలిచి అదే దేశానికి ప్రధానమంత్రి అవుతాడని ఆ ఓడలో ఎవరూ కలగని ఉండరు. జువాన్ కార్లోస్ తండ్రి డాన్ జువాన్ కూడా పోర్చుగల్‌లోని ఎస్తోరిల్‌లో ప్రవాసంలోనే ఉన్నాడు. ఫ్రాన్సు సింహాసనానికి వారసుడినని చెప్పుకునే పారిస్ కౌంట్ సంగతి కొంచెం నయం, 1886 నాటి బహిష్కరణ చట్టం 1950లో రద్దయినందువల్ల ఆయన అప్పటికి స్వదేశంలో కాలు పెట్టగలుగుతున్నాడు.

యాత్రలో నేపుల్స్ కూడా ఒక రేవు. 1948లో అమలులోకి వచ్చిన ఇటలీ రాజ్యాంగం మాజీ రాజులకూ, వారి భార్యలకూ, వారి మగ సంతానానికీ దేశంలో ప్రవేశాన్ని నిషేధించింది, ఆ నిషేధం 2002 దాకా తొలగలేదు. కాబట్టి తోటి అతిథులందరూ దిగి తిరగగలిగిన ఆ రేవులో, తన పూర్వీకులు ఏలిన నేల మీద, ఉంబెర్తో అడుగు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అదే ఆయన కూతుళ్లకు ఆ అడ్డు లేదు. పెళ్లిచూపుల కబుర్ల కంటే నన్ను ఎక్కువగా పట్టుకున్న విషయం ఇదే. ఓడలో పెద్దాచిన్నా క్రమాన్ని పక్కనపెట్టి, భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చీటీలు తీసి నిర్ణయించారని చెబుతారు. దాన్ని సరదా కోసం పెట్టిన ఏర్పాటుగా రాసేస్తుంటారు గానీ, ఏలుతున్న రాణికి ఎంత దూరంలో మాజీ రాజును కూర్చోబెట్టాలన్న చిక్కు ప్రశ్నను తప్పించుకోవడానికి అంతకంటే మర్యాదైన ఉపాయం నాకు తోచదు.

సాగరపథికుడు:

నేపుల్స్ సంగతి నాకు బొత్తిగా తెలియదు, ధన్యవాదాలు. జువాన్ కార్లోస్, సోఫియాల విషయం కూడా ఎవరైనా వివరించగలరా? వారిద్దరూ బంధువులే అని కూడా విన్నాను.

జవాబు (వంశవృక్షం):

వారు తొలిసారి కలిసింది ఆ ఓడ మీదే, అందులో సందేహం లేదు. ప్రేమ అక్కడే మొదలైందన్నది మాత్రం తర్వాత అల్లిన అందం. 1954లో ఆయనకు 16, ఆమెకు 15 ఏళ్లు. అప్పటి పరిచయం గురించి చెప్పుకునే ముచ్చట ఒకటుంది. తాను జూడో నేర్చుకుంటున్నానని సోఫియా అంటే, అది నీకేం పనికొస్తుందని జువాన్ కార్లోస్ ఎగతాళి చేశాడట. ఏదీ, ఒకసారి చెయ్యి ఇలా ఇవ్వు అని, ఇచ్చీ ఇవ్వగానే అతణ్ని నేల మీద పడేసిందట. యాత్ర ముగిశాక ఎవరి దారి వారిదే. మధ్యలో పత్రికలు సోఫియాకు నార్వే యువరాజు హరాల్డ్‌తో సంబంధం కలిపి రాశాయి. అసలు కథ నడిచింది 1961 జూన్‌లో, ఇంగ్లాండులోని యార్క్‌లో జరిగిన కెంట్ డ్యూక్ పెళ్లిలో. ఆ సెప్టెంబరులో నిశ్చితార్థాన్ని ప్రకటించారు, 1962 మే 14న ఏథెన్స్‌లో కేథలిక్ పద్ధతిలో ఒకసారి, ఆర్థడాక్స్ పద్ధతిలో ఇంకోసారి పెళ్లి చేశారు. ఓడకూ పెళ్లికీ మధ్య దాదాపు ఎనిమిదేళ్లు గడిచాయన్నమాట. ఆ పెళ్లికి ప్రభుత్వ ఖజానా నుంచి కట్నం ఇవ్వడంపై గ్రీసులో పెద్ద దుమారమే రేగింది.

ఓడ మీది పరిచయం నేరుగా పెళ్లిదాకా వెళ్లిన జంట వేరే ఉంది. ఉంబెర్తో పెద్ద కూతురు మరియా పియా, యుగోస్లావియా రాకుమారుడు అలెగ్జాండర్ ఈ యాత్రలోనే దగ్గరై, 1955 ఫిబ్రవరి 12న పోర్చుగల్‌లోని కష్కైష్‌లో పెళ్లాడారు. 1967లో విడిపోయారు కూడా. వందమందికి పైగా ఎక్కిన ఓడ నుంచి వెనువెంటనే వచ్చిన పేరున్న పెళ్లి ఇది. పెళ్లిచూపులే లక్ష్యమైతే ఇది చాలా తక్కువ ఫలితం.

ఇక బంధుత్వం సంగతి. జువాన్ కార్లోస్‌కూ సోఫియాకూ ఇంగ్లాండు రాణి విక్టోరియా ముత్తాతల తరానికి పైతరం మనిషి, ఇద్దరూ ఆమెకు ఐదో తరంలో, ఆమెను ఒకటిగా లెక్కపెడితే, తేలతారు. ఆతిథ్యమిచ్చిన దంపతుల చుట్టరికం దీనికంటే దగ్గరిది. జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్ ఫ్రెడెరికా తల్లికి తండ్రి, ఆయన చెల్లెలు సోఫియా (మనం చెప్పుకుంటున్న సోఫియాకు నాయనమ్మ) కొడుకే పాల్. అంటే ఫ్రెడెరికా చేసుకున్నది స్వయానా తన తల్లికి మేనత్త కొడుకైన వాణ్ని. ఓడలో సగం మంది ఇటువంటి వరుసలే, అందువల్ల దాన్ని ఒక కుటుంబం కలయికగా చూడటమే సబబని నా అభిప్రాయం.

జవాబు (రాజముద్ర):

వంశవృక్షం గారి మాటకు ఒక చేర్పు. రాజ్యం పోయినవారిని అంత ఆదరంగా పిలిచిన ఆ ఇంటికే తర్వాత అదే గతి పట్టింది. పాల్ 1964లో చనిపోయాడు, కొడుకు కాన్‌స్టంటైన్ 1967 డిసెంబరులో సైనిక పాలకులపై తిరుగుబాటు విఫలమై దేశం విడిచాడు, 1974 డిసెంబరు 8న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 69 శాతం ఓట్లు రాచరికం వద్దన్నాయి. ఫ్రెడెరికా 1981 ఫిబ్రవరిలో, కూతురు రాణిగా ఉన్న మాడ్రిడ్‌లో మరణించింది. భర్త పక్కన, ఏథెన్స్ దగ్గర రాజకుటుంబ సమాధులున్న తటోయ్‌లో ఆమెను సమాధి చేయడానికి గ్రీసు ప్రభుత్వం ఒప్పుకుంది గానీ, కాన్‌స్టంటైన్‌ను ఆ నేల మీద కొన్ని గంటలపాటే ఉండనిచ్చింది.