85 వేల్లో గేమింగ్ ల్యాప్‌టాప్: చీమకుర్తి ఎండకీ దుమ్ముకీ ఏది తట్టుకుంటుంది?

చీమకుర్తి_కుర్రోడు:
అన్నలూ, బడ్జెట్ 85 వేలు, లాగితే 92. బీటెక్ రెండో సంవత్సరం. ఆడేది వాలొరాంట్, జీటీఏ 5, మధ్యలో కొంచెం బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్). సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒంగోలు రూములో ఉంటా, శని ఆదివారాలు ఇంట్లో. ఏసీ రెండు చోట్లా లేదు. ఇంటి దగ్గర్లోనే గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లున్నాయి, పొద్దున తుడిచిన టేబుల్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. షాపులో రెండు చూపించారు. ఒకటి ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ చిప్, దాని మెమరీ 6 జీబీ, సన్నగా 1.9 కిలోలు. రెండోది 5050, 8 జీబీ, లావుగా 2.3 కిలోలు, ఏడు వేలు ఎక్కువ. "రెండూ ఒకటే తమ్ముడూ, మోయడానికి తేలిక, సన్నది తీసుకో" అంటున్నాడు షాపాయన. నిజమేనా? కరెంటు ఎక్కువ తక్కువలకి స్టెబిలైజర్ కూడా కొనాలా?

ట్రంక్‌రోడ్_నెల్లూరు:
ఒకటే ఎట్టా అవుతాయి తమ్ముడూ. అసలు 4050 అని రాసున్న రెండు ల్యాప్‌టాప్‌లే ఒకటి కావు. ఆ చిప్‌కి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇచ్చుకోండని చిప్ చేసే ఎన్విడియా కంపెనీ ల్యాప్‌టాప్ తయారీదారులకే వదిలేసింది. సన్నటి బాడీలో వేడి పోయే దారి ఉండదు కాబట్టి వాట్లు తగ్గించి పెడతారు. స్టిక్కర్ మీద పేరు మాత్రం అదే. దాని పై మోడల్ 4060కీ అవే హద్దులు, కాబట్టి తక్కువ వాట్లు పెట్టిన 4060 కంటే పూర్తి వాట్ల 4050 కొనడం మేలయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి.

డబ్బా మీద ఈ అంకె కనపడదు. షాపులో డెమో పీస్‌కి చార్జర్ పెట్టించి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరువు. హెల్ప్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే మాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఒక వరస ఉంటుంది. అక్కడ 60 లోపు కనిపిస్తే గేమింగ్‌కి వద్దు, 90 పైన ఉంటే బేరం మొదలుపెట్టు. డెమో లేకపోతే మోడల్ నంబర్ చివరి అక్షరాలతో సహా రాసుకుని కంపెనీ సైట్‌లో టీజీపీ (అదే గ్రాఫిక్స్ పవర్) ఎంతో చూసుకో. ఆ చివరి అక్షరాల్లోనే స్క్రీనూ ర్యామూ మారిపోతుంటాయి.

ఇక మెమరీ. వాలొరాంట్‌కి 6 జీబీ చాలా ఎక్కువ, దానికి ప్రాసెసరే ముఖ్యం. కొత్త గేముల్లో టెక్స్‌చర్లు హైలో పెడితే 6 జీబీ నిండిపోతుంది. నిండగానే మిగతాది మామూలు ర్యామ్‌లోకి పోతుంది, ఆ దారి సన్నం కాబట్టి బొమ్మ ఆగి ఆగి దూకుతుంది. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే బొమ్మలు) బాగానే కనిపిస్తుంది, ఆడుతుంటే మాత్రం చిరాకు. బ్లెండర్‌లో ఇంకా కష్టం, సీన్ మెమరీలో పట్టకపోతే రెండరింగ్ (తుది బొమ్మ తయారీ) బాగా నెమ్మదిస్తుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది. ఏడు వేలు పెట్టాల్సింది ఆ 2 జీబీకే.

ఉప్పుగాలి_కొత్తపట్నం:
పై అన్న చెప్పింది నిజం, కానీ మన ఊళ్ళలో ఇంకో లెక్క ఉంది. రివ్యూలన్నీ ఏసీ గదుల్లో చేస్తారు. రోహిణి కార్తెలో మన గదిలో మధ్యాహ్నం 40 ఉంటుంది. ఫ్యాను లాగే గాలే 15 డిగ్రీలు ఎక్కువైతే లోపల చిప్పులూ దాదాపు అంతే ఎక్కుతాయి. ప్రాసెసర్ 95, 100 దగ్గరా, గ్రాఫిక్స్ 87 దగ్గరా తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అందుకే రివ్యూలో 85 చూపించిన సన్నటి మోడల్ మేలో ఇక్కడ నీళ్ళు నములుతుంది. లావుదే తీసుకో. వెనక, పక్కన రెండు వైపులా గాలి దారులున్నాయో లేదో తిప్పి చూడు.

కొన్నాక మూడు పనులు చెయ్యి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మాక్స్ ఫ్రేమ్ రేట్‌ని నీ స్క్రీన్ హెర్ట్జ్‌కి (సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ అంకెకి) కట్టెయ్, 144 స్క్రీన్‌కి 300 ఎఫ్‌పీఎస్ తీయడం ఊరికే వేడి. ఎండాకాలం విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 పెట్టు, టర్బో (ప్రాసెసర్ వేగం అదనంగా పెంచుకోవడం) ఆగిపోయి ప్రాసెసర్ వేడి బాగా దిగుతుంది, జీటీఏ లాంటి వాటిలో తేడా పెద్దగా తెలియదు. వాలొరాంట్‌లో మాత్రం తెలుస్తుంది. కొన్ని మోడళ్ళలో ఆ ఆప్షన్ దాచేస్తారు, అప్పుడు కంపెనీ యాప్‌లోనే బ్యాలెన్స్‌డ్ మోడ్ పెట్టు. మూడోది, వెనక వైపు రెండు అంగుళాలు ఎత్తు. రెండు చెక్కముక్కలు చాలు, వెయ్యి రూపాయల కూలింగ్ ప్యాడ్ చేసేదీ దాదాపు అంతే. మంచం మీదా, దుప్పటి మీదా పెట్టొద్దు.

దుమ్ము సంగతి. గ్రానైట్ పొడి మెత్తగా ఉంటుంది, గాలిలో తేమతో కలిసి ఫ్యానుకీ రాగి రెక్కలకీ మధ్య బట్ట పరిచినట్టు పేరుకుంటుంది. బయట నుంచి బ్లోయర్ కొడితే అది ఊడదు, ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. నువ్వుండే చోట మూడు నెలలకోసారి అడుగు మూత తీయాల్సిందే. షట్‌డౌన్ చేసి చార్జర్ పీకి, మరలు విప్పు. ముందూ వెనకా మరల పొడవు వేరుగా ఉంటుంది, కాగితం మీద బొమ్మ గీసి అదే వరసలో పెట్టుకో. పొడుగు మర పొట్టి దాని చోట బిగిస్తే కీబోర్డు వైపు ఉబ్బుతుంది. మూత రాగానే ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్. ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకుని మెత్తటి బ్రష్‌తో తుడువు, బ్లోయర్‌తో గిరగిరా తిప్పితే బేరింగ్ పోతుంది. హీట్ సింక్ (ఆ రాగి రెక్కల భాగం) మాత్రం ఊడదీయొద్దు. కొన్ని మోడళ్ళలో చిప్‌కీ దానికీ మధ్య పేస్టుకి బదులు లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) ఉంటుంది, అది బోర్డు మీద ఒక్క బొట్టు పడినా షార్టే. మూత తీస్తే వారంటీ పోతుందా అన్నది కొనేముందే కంపెనీ నంబర్‌కి ఫోన్ చేసి అడుగు, షాపాయన్ని కాదు.

ఫేజ్_న్యూట్రల్:
స్టెబిలైజర్ దండగ తమ్ముడూ. చార్జర్ మీద సన్న అక్షరాల్లో చూడు, 100-240 వోల్ట్ అని ఉంటుంది. 160 వచ్చినా దానికి పట్టదు. నీకు కావాల్సింది మంచి ఎర్తింగ్. ఆడుతుంటే మెటల్ బాడీ మీద చెయ్యి జుమ్మంటోందని పిల్లకాయలు భయపడుతుంటారు. చార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు లీకేజీని ఎర్త్‌కి పంపాలి, ఎర్త్ లేకపోతే అది బాడీ మీదే నిలుస్తుంది. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే పని అస్సలు చెయ్యొద్దు. ఎలక్ట్రీషియన్ చేత మీటరుతో చూపించు: ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. చీమకుర్తి రాతినేల, ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతే రెసిస్టెన్స్ పెరుగుతుంది. వారానికోసారి ఒక బిందె నీళ్ళు పోయండి.

కరెంటు పోయినప్పుడు గేమ్ కూడా ఆపెయ్. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ వాట్లు ఎట్టాగూ పడిపోతాయి. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంటుంది కాబట్టి కంపెనీ యాప్‌లో చార్జింగ్ 80 దగ్గర ఆపు. వేడిలో నూటికి నూరు మీద కూర్చున్న బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి తోస్తుంది.

చీమకుర్తి_కుర్రోడు:
థ్యాంక్స్ అన్నలూ. 5050 దానిలో ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ అన్నాడు. ఇంకోటి తర్వాత వేసుకోవచ్చు కదా? స్క్రీన్ 144 హెర్ట్జ్ అని రాసుంది.

కావలి_కీబోర్డ్:
వేసుకోవచ్చు, స్లాట్ ఉంటే. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ చూడు, స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2 అని ఉండాలి. ఒకే స్టిక్ ఉంటే మెమరీ దారి సగమే, వాలొరాంట్ లాంటి ప్రాసెసర్ గేముల్లో ఎఫ్‌పీఎస్ కిందికి జారేది అందుకే. 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి, "తర్వాత చూద్దాం" అనుకోకుండా రెండు 8 జీబీ స్టిక్‌లున్న మోడల్ దొరుకుతుందేమో ముందే అడుగు.

స్క్రీన్‌కి హెర్ట్జ్ ఒక్కటే చూడొద్దు. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ చూపే రంగుల కొలత) అని ఉంటే రంగులు వెలిసిన చీరలా ఉంటాయి, బ్లెండర్ పనికి పనికిరాదు. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే), 300 నిట్స్ (వెలుతురు కొలత) అడుగు.

డబ్బు కట్టేముందు సీల్ నీ ముందే తీయించు. బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలి, అదే నంబర్ అడుగున కూడా ఉందా చూడు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ కొడితే ఒక ఫైల్ వస్తుంది, అందులో సైకిల్ కౌంట్ (బ్యాటరీ ఎన్నిసార్లు చార్జయ్యిందో) పదుల్లో ఉంటే అది డెమో పీసే. వారంటీ ఆన్‌సైటా (ఇంటికొచ్చి చేస్తారా), మనమే మోసుకెళ్ళాలా అన్నది కూడా బిల్లు మీద రాయించు.

చీమకుర్తి_కుర్రోడు:
రేపు పోతున్నా. కంట్రోల్ ప్యానెల్ తెరవనీయకపోతే ఏం చెయ్యాలి?

ట్రంక్‌రోడ్_నెల్లూరు:
పక్క షాపుకి పో.