‘మీకు అబద్ధాలాడే జబ్బుందా?’ అని మొదటి ప్రశ్నే అడగొచ్చా?

డెస్క్ నైట్‌షిఫ్ట్:
2015 ఫిబ్రవరిలో బ్రిటన్ గేమింగ్ వార్తల సైట్ రాక్ పేపర్ షాట్‌గన్ తరఫున జాన్ వాకర్, గేమ్ డిజైనర్ పీటర్ మాలిన్యూతో ఫోన్‌లో మాట్లాడాడు. పై ప్రశ్నతోనే మొదలుపెట్టాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: పాపులస్, డంజన్ కీపర్, ఫేబుల్ ఆయన చేసినవే. 2012 చివర్లో, ఆడేవాళ్లు దేవుడి పాత్రలో ఉండే గాడస్ అనే గేమ్ కోసం, జనం ముందుగానే డబ్బిచ్చే కిక్‌స్టార్టర్ అనే సైట్‌లో 5,26,563 పౌండ్లు పోగుచేశారు. ఏడు నుంచి తొమ్మిది నెలల్లో ఇస్తామన్నారు. రెండేళ్లు దాటినా అది పూర్తి కాలేదు.

ఆయన్ని నిలదీయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఏముంటుంది? ‘అవును, ఉంది’ అని ఎవరంటారు? తెలిసి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదని ఆయన అన్నారు. ఇక అక్కడి నుంచి ఇద్దరూ వాదులాటలో పడ్డారు.

కంట్రోలర్ కింగ్:
అన్నా, మర్యాదగా అడిగినన్నాళ్లూ ఏం జరిగింది? ఫేబుల్‌లో విత్తనం నాటితే మీ కళ్లముందే చెట్టవుతుందని చెప్పారు. పత్రికలు సంబరంగా అచ్చేశాయి. 2004లో గేమ్ వచ్చాక చెట్టూ లేదు, చేమా లేదు, క్షమాపణ మాత్రం వచ్చింది. ఆ తర్వాతా అదే వరస. గాడస్‌కి డబ్బిచ్చింది పెద్ద కంపెనీలు కాదు, 17 వేల మందికి పైగా మామూలు ప్లేయర్లు. వాళ్లకి వచ్చిన కోపాన్ని ఒక్కడైనా ఆయన ముఖం మీద పెట్టాడు. నాకైతే అందులో తప్పేం కనిపించలేదు.

పాతజాయ్‌స్టిక్:
ఈ రంగంలో గట్టిగా మాట్లాడితే ఏమవుతుందో కూడా చూడాలి. 2007లో గేమ్‌ల సమీక్షలు వేసే గేమ్‌స్పాట్ సైట్ నిండా కేన్ అండ్ లించ్ అనే గేమ్ ప్రకటనలు ఉన్నాయి. అదే గేమ్‌కి ఆ సైట్ సమీక్షకుడు జెఫ్ గెర్స్ట్‌మన్ పదికి ఆరు మార్కులిచ్చాడు. ఉద్యోగం పోయింది. నోరు విప్పకూడదన్న ఒప్పందం వల్ల అసలు సంగతి 2012లో గానీ బయటకి చెప్పలేకపోయాడు. ప్రకటనలూ, విడుదలకి ముందే గేమ్ చూపించే ప్రివ్యూలూ ఇచ్చే కంపెనీల చేతిని విమర్శించడమంటే అంత తేలిక కాదు. అందుకే వాకర్ తెగింపుని తీసిపారేయలేను.

డెస్క్ నైట్‌షిఫ్ట్:
గెర్స్ట్‌మన్ ఉదాహరణ బాగుంది గానీ, ఆయన చేసింది ఆటలోని లోపాల గురించి రాయడం. మనిషికి జబ్బుందా అని అడగలేదు కదండీ.

ఇంకో సంగతి. వాకర్ ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందే యూరోగేమర్ అనే మరో గేమింగ్ సైట్ ఒక కథనం ఇచ్చింది. మాలిన్యూ స్టూడియో 22క్యాన్స్ గాడస్ కంటే ముందు క్యూరియాసిటీ అని ఒక యాప్ తెచ్చింది. పెద్ద ఘనాన్ని లక్షల మంది వేళ్లతో తట్టి, పొరలు పొరలుగా చెక్కుతారు. చివరి పొర తీసినవాళ్లకి జీవితం మారిపోయే బహుమతి. 2013 మేలో ఎడిన్‌బరో కుర్రాడొకడు, 18 ఏళ్లవాడు, గెలిచాడు. గాడస్‌లో దేవుడి పదవి, ఆదాయంలో వాటా ఇస్తామన్నారు. యూరోగేమర్ ఆ కుర్రాడి దగ్గరికే వెళ్లింది. రూపాయి రాలేదు, పదవీ రాలేదు, స్టూడియో నుంచి ఫోన్లు కూడా ఆగిపోయాయి. మాలిన్యూ బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఒక్క తిట్టు లేదు ఆ కథనంలో. నేను విలేకరితనం అనేది దీన్నే.

పిక్సెల్ పిల్ల:
మీ వాదనలో ఒక ఇబ్బంది ఉంది సార్. ఆ కథనం కుర్రాడి గురించి. గాడస్ డబ్బుల లెక్క వాకర్ నిలదీసి అడిగాడు. పైగా తన దురుసుతనాన్ని కోసెయ్యకుండా సంభాషణ మొత్తం అచ్చేశాడు. మాలిన్యూ ‘నన్ను ఈ పరిశ్రమ నుంచే తరిమేయాలని చూస్తున్నారు’ అన్నట్టు మాట్లాడిందీ ఉంది. పాఠకుడికి ఇద్దరూ కనిపిస్తారు. నీతి గురించి మాట్లాడితే, దీనికి మార్కులెయ్యరా?

డెస్క్ నైట్‌షిఫ్ట్:
మొత్తం వేసినందుకు తప్పకుండా వేస్తాను. కాకపోతే ఆ సంభాషణలో పనికొచ్చిన చోట్లు చూడండి. తొమ్మిది నెలల గడువు, అడిగిన డబ్బు సరిపోతుందా లేదా అన్న లెక్క వచ్చినప్పుడే మాలిన్యూ తన అంచనాలు తప్పాయని ఒప్పుకున్నారు. అప్పటికే ఆయన కాచుకుని కూర్చున్నారు, ప్రతి మాటకీ అడ్డుగోడ. ‘ఈ గడువులో అవ్వదని మీకు ఏ నెలలో తెలిసింది? తెలిశాక డబ్బిచ్చినవాళ్లకి ఎప్పుడు చెప్పారు?’ వీటితో మొదలుపెట్టి ఉంటే తప్పించుకోవడానికి సందుండేది కాదు. ఆ 17 వేల మందికి కావాల్సింది కూడా ఆ రెండు తేదీలే.