1970 ఫియట్‌లో ఎండాకాలం అరకు: పాయింట్లు ఉంచాలా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాలా?

మల్కాజిగిరి_1100:
బండి 1970 ఫియట్ 1100 డి. 1089 సీసీ ఇంజిన్, బ్యాటరీ ఛార్జింగ్‌కి డైనమో, మెకానికల్ పెట్రోల్ పంపు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, అన్నీ కంపెనీవే. ఏప్రిల్ ఆఖర్లో హైదరాబాద్ నుంచి విజయవాడ, అక్కణ్ణుంచి విశాఖ, ఆపైన అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు. పోను సుమారు 740 కిలోమీటర్లు. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. డిస్ట్రిబ్యూటర్లో (ప్లగ్గులకి స్పార్కు పంచే డబ్బా) పాయింట్లు (కరెంటు తెంచి స్పార్కు పుట్టించే చిన్న స్విచ్చు) తీసేసి, అదే పని చేసే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేయించమని ఒక మెకానిక్, ముట్టుకోవద్దని ఇంకొకాయన. పాయింట్లు సెట్ చేయడం నాకు రాదు. ఏది చెయ్యమంటారు?

గుంటూరు_గ్యారేజ్:
ముట్టుకోకండి. పాయింట్లు పాడయ్యే ముందు చెప్పి పాడవుతాయండి. పిక్-అప్ తగ్గుతుంది, మిస్ కొడుతుంది, స్టార్టింగ్ ఆలస్యమవుతుంది. మాడ్యూల్ అలా కాదు, పోయిందంటే అక్కడికక్కడే బండి ఆగిపోతుంది. బయలుదేరే ముందు కొత్త పాయింట్ సెట్టు వేసి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే రేకులు) గ్యాప్ 0.45 మి.మీ. పెట్టండి. పాయింట్లని తెరిచే క్యామ్ మీద రుద్దుకునే ఫైబర్ ముక్కకి గ్రీజు చుక్కంత రాయండి. ఎక్కువ రాస్తే పాయింట్ల మీదికి చిమ్మి స్పార్కు పోతుంది, అసలు రాయకపోతే ఫైబర్ అరిగి గ్యాప్ తగ్గి టైమింగ్ (స్పార్కు పడే సమయం) వెనక్కి పోతుంది. 300 కిలోమీటర్ల తర్వాత ఒకసారి గ్యాప్ చూసుకోండి. కొత్త ఫైబర్ మొదట్లోనే ఎక్కువ అరుగుతుంది.

హైటెక్_రిస్టో:
మీరు చెప్పిన పనే ఆయన చేయలేడు కాబట్టి ఈ ప్రశ్న వచ్చింది సార్. మాడ్యూల్‌లో అరిగే భాగం లేదు, గ్యాప్ మారదు, టైమింగ్ కదలదు. పాత బండ్లు దారిలో ఆగడానికి పెద్ద కారణం కండెన్సర్, అంటే పాయింట్ల మధ్య నిప్పురవ్వ లేవకుండా ఆపే చిన్న భాగం. ఇప్పుడు దొరికే వాటిలో నాసిరకమే ఎక్కువ, ఇంజిన్ వేడికి ఇన్సులేషన్ పోతుంది. మాడ్యూల్ పెడితే కండెన్సరే అక్కర్లేదు. చూడాల్సింది రెండే. కాయిల్ (స్పార్కుకి వోల్టేజీ పెంచేది) ప్రైమరీ రెసిస్టెన్స్ మాడ్యూల్‌కి సరిపోవాలి, తక్కువ ఓమ్స్ కాయిల్ పెడితే మాడ్యూల్ కాలిపోతుంది. ఇంజిన్ ఆగి ఉండగా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేయకూడదు.

గుంటూరు_గ్యారేజ్:
అదే నేనంటున్నది. టోల్ గేటు దగ్గర ఇంజిన్ ఆపి, పిల్లల కోసం ఫ్యాన్ తిరగాలని తాళం ఆన్‌లో వదిలితే మీ మాడ్యూల్ గతి అంతే. పాయింట్లయినా మూసుకుని ఉన్నచోట ఇంజిన్ ఆగితే కాయిల్ వేడెక్కుతుంది, కాదనను. కానీ పాయింట్ సెట్టు సూర్యాపేటలో దొరుకుతుంది, తునిలో దొరుకుతుంది. మాడ్యూల్ ఎక్కడ దొరుకుతుంది?

వరంగల్_వైరింగ్:
అన్నా, రెండూ పెట్టుకోవచ్చు గద. మాడ్యూల్ బిగించి, పాత పాయింట్ ప్లేటు కండెన్సర్‌తో సహా డబ్బాల ఏస్కపో. మాడ్యూల్ పోతే ప్లేటు మారుస్తానికి అర్ధగంట పడ్తది. టైమింగ్ చూస్తానికి 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు చాలు. ఒకటి డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కు, ఇంకోటి బాడీకి పెట్టు. ఇగ్నిషన్ ఆన్ చేసి పుల్లీని మెల్లగ తిప్పితే పాయింట్ తెరుచుకునే క్షణంల బల్బు ఎలుగుతది. పుల్లీ మీద గుర్తు అప్పుడే కలవాలె. ఇంటికాడ ఒక్కసారి చేసి చూడు, రోడ్డు మీద భయం ఉండది.

కాకినాడ_మార్క్3:
స్పార్కు సంగతి సరే, ఏప్రిల్‌లో ఈ బండిని ఆపేది పెట్రోలండి. మెకానికల్ పంపు ఇంజిన్ బ్లాకుకే బిగించి ఉంటుంది, ట్యాంకు వెనక డిక్కీ వైపు. అంత దూరం నుంచి పెట్రోల్‌ని పీల్చాలి. పీల్చే గొట్టంలో ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడే ముందు ఆవిరి పడుతుంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, దాంతో ఈ బాధ ఇంకా పెరిగింది. టిఫిన్‌కి ఆగి ఇరవై నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే రెండు ఫర్లాంగులు వెళ్ళి ఆగుతుంది. అందరూ కాయిల్ పోయిందనుకుంటారు. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే మళ్ళీ కదులుతుంది.
పంపుకీ బ్లాకుకీ మధ్య ఇన్సులేటర్ ముక్క ఉందో లేదో చూడండి, చాలా బండ్లలో ఎవరో ఒకరు తీసేసి ఉంటారు. పెట్రోల్ గొట్టం ఎగ్జాస్ట్ మానిఫోల్డుకి (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే వేడి గొట్టం) దూరంగా ఉండాలి. పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చండి, ఇథనాల్‌కి పాత రబ్బరు ఉబ్బి లోపల పొరలు ఊడతాయి. పంపు లోపలి రబ్బరు పొర, డయాఫ్రమ్ కూడా ఇథనాల్ తట్టుకునేదే వేయండి, ఒక కిట్టు దగ్గర ఉంచుకోండి. ట్యాంకులో తుప్పు కదిలి వస్తుంది, ఫిల్టర్లు రెండు మూడు తీసుకెళ్ళండి. ఇథనాల్ వల్ల మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది, కార్బురేటర్ మెయిన్ జెట్ (పెట్రోల్ వచ్చే రంధ్రం) ఒక సైజు పెంచితే మంచిది.

హైటెక్_రిస్టో:
ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెడితే ఈ తడిగుడ్డల వైద్యం అక్కర్లేదు. వెనక నుంచి తోస్తుంది కాబట్టి గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, ఆవిరి పట్టడం బాగా తగ్గుతుంది.

కాకినాడ_మార్క్3:
పెట్టొచ్చు. కానీ ఒత్తిడి 2 నుంచి 3 పీఎస్‌ఐ దాటకూడదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి పంపు తెచ్చి పెడితే కార్బురేటర్లోకి పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ నీడిల్ దాన్ని ఆపలేక కార్బురేటర్ పొంగి, కాగుతున్న మానిఫోల్డు మీద పెట్రోల్ పడుతుంది. గుద్దుకుంటే పంపు దానంతటదే ఆగే ఇనర్షియా స్విచ్ తప్పనిసరి. ఇవి రెండూ చేయని ఎలక్ట్రిక్ పంపు కంటే తడిగుడ్డే నయం.

ఆర్‌సీ_బుక్:
ఎవరూ అడగలేదు, నేను అడుగుతాను. ఆర్‌సీ మామూలుదా, వింటేజా? 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేస్తే ‘వీఏ’ అక్షరాల నంబరు ఇస్తారు. అలాంటి బండిని ప్రదర్శనకి, వింటేజ్ ర్యాలీకి, పెట్రోల్‌కి, మరమ్మతుకి తప్ప రోజువారీగా తిప్పకూడదు. చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు కూడా ఉండకూడదు.

మల్కాజిగిరి_1100:
మామూలు ఆర్‌సీయే అండి. ఫిట్‌నెస్ చేయించి రెన్యూ చేయించాను, ఇన్సూరెన్సూ ఉంది.

గుంటూరు_గ్యారేజ్:
మళ్ళీ ఇగ్నిషన్‌కి వస్తాను. ఎలక్ట్రిక్ పంపు, మాడ్యూల్ అంటున్నారు, రేపు హాలొజెన్ లైట్లు అంటారు. డైనమో ఐడిలింగ్‌లో ఛార్జింగ్ దాదాపు ఇవ్వదు. 60 వాట్ల హాలొజెన్లు రెండు వేస్తే అవే 10 ఆంపియర్లు తాగుతాయి. రాత్రి ట్రాఫిక్‌లో ఆగితే బ్యాటరీ దిగుతుంది. వోల్టేజీ పడితే మొదట మొరాయించేది మీ మాడ్యూలే. తర్వాత డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టమంటారు. చివరికి బండిలో ఫియట్ ఎంత మిగులుతుంది?

హైటెక్_రిస్టో:
మీ బాధ ఇప్పుడు బయటపడింది. బండి నడవడం మీకు ముఖ్యం కాదు, మారకుండా ఉండడం ముఖ్యం. పాయింట్లు సెట్ చేయడం రానివాడు పాత బండి నడపకూడదంటే, ఆ బండ్లు షెడ్డుల్లో టార్పాలిన్ కింద తుప్పు పట్టాలి. మాడ్యూల్ వేసిన బండ్లని షోలో జడ్జీలు పక్కన పెట్టడం చూశాను. తిరిగే బండికి విలువ లేదు, కదలని బండికి కప్పులు.

గుంటూరు_గ్యారేజ్:
నేను షోల గురించి మాట్లాడలేదు. స్క్రూడ్రైవర్ పట్టనివాడిని అమ్మనీ పిల్లల్నీ ఎక్కించుకుని 740 కిలోమీటర్లు పొమ్మని మీరు ధైర్యం చెబుతున్నారు. ఒక డబ్బా బిగిస్తే ఇది కొత్త కారైపోతుందన్న నమ్మకం ఇస్తున్నారు. అది తప్పు. బండి చప్పుడు తెలియాలి, వాసన తెలియాలి, టెంపరేచర్ ముల్లు మీద కన్నుండాలి. అది రానప్పుడు ఆ బండి ఊళ్ళోనే తిప్పుకోవాలి.

వరంగల్_వైరింగ్:
ఇద్దరు కొట్లాడుడు ఆపి ఒక్కటి చెప్పుండ్రి. స్పార్కు పోతే బండి ఆగుతది, మనుషులు బతుకుతరు. బ్రేకు పోతే? గీ బండికి సింగిల్ సర్క్యూట్. నాలుగు చక్రాలల్ల ఏ ఒక్క వీల్ సిలిండర్ రబ్బరు లీకయినా పెడల్ మొత్తం కిందికి పోతది. రెండో లైన్ లేదు. సుమారు 900 కిలోల బండి మీద అయిదుగురు, సామాను. అరకు కాడికెళ్ళి దిగేటప్పుడు డ్రమ్ములు కాగి బ్రేకు పట్టదు. సీటు బెల్టు కట్టుకుంటానికి బాడీల జాగనే లేదు. గిది ఎవ్వరు అడగలే.

హైటెక్_రిస్టో:
అందుకే ముందు చక్రాలకి డిస్కులు వేయించమంటాను.

గుంటూరు_గ్యారేజ్:
హబ్బు, రిమ్ము, మాస్టర్ సిలిండర్ బోరు అన్నీ కలవకపోతే డిస్కు వేసిన బండి ముందు చక్రాలు లాక్ చేసుకుని జారుతుంది. ఆ పని తెలిసినవాళ్ళు తక్కువ. ఉన్న డ్రమ్ములే సరిగ్గా చేయండి. నాలుగు చక్రాల వీల్ సిలిండర్లన్నిటికీ, మాస్టర్‌కీ కొత్త వాషర్ కిట్లు వేయండి. సిలిండర్ లోపల గీతలుంటే కిట్టు కాదు, సిలిండరే మార్చండి. చక్రాల దగ్గరి రబ్బరు హోసులు మార్చి, పాత బ్రేకు ఆయిల్ మొత్తం తీసి కొత్త డాట్ 3 రకం పోయండి. అది గాలిలో తేమ పీలుస్తుంది, తేమ పట్టిన ఆయిల్ ఘాట్‌లో మరిగి పెడల్ స్పాంజిలా మెత్తబడుతుంది. డ్రమ్ములు ఓవల్ అయ్యాయేమో లేత్ మీద చూపించండి. దిగేటప్పుడు రెండో గేరే, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు, నొక్కి వదలాలి. ఫస్ట్ గేరుకి సింక్రో (నడుస్తుండగా గేరు సులువుగా పడేలా చేసేది) లేదు, దిగుతూ దిగుతూ పడదు. అందుకే వంపు రాకముందే రెండో గేరులోకి రావాలి.
బ్రేకు విషయంలో వరంగల్ ఆయన మాటే నా మాట.

హైటెక్_రిస్టో:
నాదీ అదే మాట. కానీ పిల్లల్ని ఎక్కించుకోవద్దని మీరు సూటిగా అనాలి. పాయింట్ల వెనక దాక్కుని కాదు.

గుంటూరు_గ్యారేజ్:
సూటిగానే అంటున్నాను. హైవే మీద పక్కన వేగంగా వెళ్ళే లారీలు, బస్సులు, మధ్యలో బెల్టుల్లేని 65 స్పీడు బండి. ఏ ఇగ్నిషన్ వేసినా పిల్లల్ని, పెద్దావిణ్ణి ఎక్కించొద్దు.

కాకినాడ_మార్క్3:
విశాఖ నుంచి పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఉంది, బొర్రా మీదుగా అరకు వెళ్తుంది. సొరంగాలు, లోయలు కనిపించేది రైల్లోనే, పిల్లలకి అదే బాగుంటుంది. బండి బరువు తగ్గితే ఘాట్‌లో ఇంజినూ తక్కువ వేడెక్కుతుంది.

మల్కాజిగిరి_1100:
అమ్మా, పిల్లలూ, మా ఆవిడా విశాఖ దాకా కూడా రైల్లోనే. బండిలో నేను, మా బావమరిది. ముందు బ్రేకు పని, తర్వాత పెట్రోల్ గొట్టాలు. ఎండ వల్ల రోజూ పొద్దున పదకొండు కాకముందే డ్రైవింగ్ ఆపేసి, మళ్ళీ సాయంత్రం నాలుగుకి. చీకటి పడితే లాడ్జి. ఇగ్నిషన్ సంగతి ఇంకా తేలలేదు.

గుంటూరు_గ్యారేజ్:
పాయింట్లే. కండెన్సర్లు రెండు కొనండి. కొనుక్కుని డబ్బాలో దాచడం కాదు, ఒక్కోటీ బిగించి యాభై కిలోమీటర్లు తిప్పి పనిచేస్తుందని తేలాకే డబ్బాలో పెట్టండి. డిస్ట్రిబ్యూటర్లో తిరిగే రోటర్ కూడా అంతే.

హైటెక్_రిస్టో:
మాడ్యూల్ వేసినా పాయింట్ ప్లేటుకి అదే చేయండి. ఆ ఒక్క ముక్కా ఆయన సరిగ్గా చెప్పారు.