ఎనిమిది నోడ్లతో నడిపితే నాలుగింటికన్నా నెమ్మదిగా ఉంది: స్విచ్ మార్చాలా?

ఉష్ణపటం (ప్రశ్న)

4 జీబీ మెమరీ ఉన్న ఎనిమిది రాస్ప్‌బెరీ పై 4 బోర్డులను (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు) ఒక సాధారణ గిగాబిట్ స్విచ్‌కు (కంప్యూటర్లను తీగలతో కలిపే పెట్టె) తగిలించి క్లస్టర్‌గా, అంటే ఒకే పనిని పంచుకునే గుంపుగా వాడుతున్నాను; ఒక్కో బోర్డు ఒక నోడ్. లోహపు పలకలో వేడి ఎలా పాకుతుందో లెక్కించే ప్రోగ్రామును సీ భాషలో, ఎంపీఐతో (నోడ్లు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి) రాసుకున్నాను. 2048 × 2048 గడుల పటాన్ని అడ్డపట్టీలుగా విడగొట్టి నోడ్లకు పంచుతాను. ప్రతి అంచె చివర ఒక్కొక్క నోడ్ తన పై వరుసను, కింది వరుసను పొరుగు నోడ్లకు పంపుతుంది. మొత్తం 50,000 అంచెలు. వెయ్యి అంచెలకు ఒకసారి పటం మొత్తాన్ని ఎన్ఎఫ్ఎస్ (ఒక కంప్యూటర్‌లోని ఫోల్డరును నెట్‌వర్క్ మీద మిగతావీ వాడుకునే పద్ధతి) ద్వారా మొదటి నోడ్‌లోని ఎస్డీ కార్డులో భద్రపరుస్తాను.

ఒక్క నోడ్‌తో 40 నిమిషాలు, నాలుగింటితో 11 నిమిషాలు పట్టేది. మరో నాలుగు చేర్చిన తర్వాత 14 నిమిషాలు పడుతోంది. నెట్‌వర్క్ చాలడం లేదేమోనని మెరుగైన స్విచ్ కొనాలనుకుంటున్నాను. కొనమంటారా?

తీగలపెట్టె

అప్పుడే కొనకండి. మీరిచ్చిన అంకెలలోనే సగం జవాబు ఉంది. ఒక వరుస అంటే 2048 గడులు, గడికి 8 బైట్లు, అంటే 16 కేబీ; గిగాబిట్ లింకు మీద అది దాటడానికి 0.13 మిల్లీసెకన్లు చాలు. ఒక్క నోడ్ మీద అంచెకు 48 మిల్లీసెకన్లు పట్టింది కనుక, ఎనిమిదింటికి పంచితే 6 రావాలి, మీకు దాదాపు 17 వస్తోంది. ఆ తేడా స్విచ్ వల్ల వచ్చేంత చిన్నది కాదు. ఏదైనా కేబుల్‌లో ఒక జత తీగ తెగి లింకు 100 మెగాబిట్లకు పడిపోయినా (గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100కు రెండు చాలు, అందుకే ఇది ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది) వరుసకు 1.3 మిల్లీసెకన్లే అవుతుంది. లింకు వేగాన్ని చూపే ఈథ్‌టూల్ ఆదేశంతో అదీ ఒకసారి చూసుకోండి.

నా అనుమానమంతా కొత్తగా చేర్చిన నోడ్లలో ఏదో ఒకదాని మీద. అంచె చివర ప్రతి నోడూ పొరుగువాటి వరుస కోసం ఆగుతుంది కాబట్టి, ఏడు బోర్డులు ఎంత చురుకుగా ఉన్నా ఎనిమిదోది నెమ్మదిస్తే అన్నీ దానితోపాటే నడుస్తాయి. రాస్ప్‌బెరీ పై 4 ప్రాసెసర్ 1500 మెగాహెర్ట్జ్ మీద నడవాలి. వోల్టేజి తగ్గితే 600కు దిగిపోతుంది, అంటే రెండున్నర రెట్లు నెమ్మది. 6ను రెండున్నరతో హెచ్చవేస్తే 15. మీ 17కు ఇది చాలా దగ్గర.

వోల్టేజి తగ్గి వేగం పడిపోయిందా అన్నది చెప్పే ‘వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్’ ఆదేశం ప్రతి నోడ్‌లోనూ ఇవ్వండి. సున్నా వస్తే సరే. ప్రోగ్రాము నడుస్తుండగానే చూడాలి సుమా; ఖాళీగా ఉన్న బోర్డు ఎలాగూ 600 మీదే ఉంటుంది కనుక అప్పటి వేగాన్ని చూస్తే మోసపోతాం.

ఉష్ణపటం

మీ అనుమానమే నిజమైంది. ఏడో నోడ్‌లో ‘0ఎక్స్50005’ (వోల్టేజి తగ్గింది, వేగం తగ్గించబడింది అని అర్థం) అని వచ్చింది, మిగిలిన ఏడింటిలోనూ సున్నాయే. కరెంటు కేబుళ్లు సరిపోక దానికి పాత ఫోను తాలూకు సన్నని, పొడవాటి ఛార్జింగ్ కేబుల్ పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పొట్టిది, మందమైనది మార్చగానే మొత్తం పని 7 నిమిషాలకు వచ్చింది. అయితే 40ని ఎనిమిదితో భాగిస్తే 5 కదా, ఆ రెండు నిమిషాలు ఎక్కడికి పోతున్నాయి?

పాతసర్వర్

ఎస్డీ కార్డులోకి. పటం ఒక్కసారి రాస్తే 32 ఎంబీ, యాభై సార్లకు 1.6 జీబీ. సెకనుకు 20 ఎంబీ చొప్పున రాసే కార్డుకు అది 80 సెకన్ల పని, అంతసేపూ ఎనిమిది నోడ్లూ చేతులు కట్టుకుని కూర్చుంటాయి. ఎన్ఎఫ్ఎస్ ‘సింక్’ పద్ధతిలో ఉంటే రాత కార్డుకు చేరేదాకా జవాబే రాదు. నోడ్లు ఎన్ని పెంచినా ఈ భాగం తరగదు. 1967లో కంప్యూటర్ల రూపకర్త జీన్ ఆమ్‌డాల్ చెప్పింది ఇలాంటి భాగం గురించే. ఒక నోడ్ వాటా పటానికి 4 ఎంబీ, యాభై పటాలకు 200 ఎంబీ మాత్రమే కనుక, అన్నిటినీ మెమరీలోనే ఉంచుకుని చివర్లో ఒకేసారి రాయవచ్చు.

తీగలపెట్టె

దానితో నేను పూర్తిగా ఏకీభవించను. చివర్లో రాసినా ఆ కార్డుకు అదే 80 సెకన్లు పడుతుంది, పైగా నలభయ్యో పటం దగ్గర కరెంటు పోతే ఒక్కటీ మిగలదు. మొదటి నోడ్‌లోని యూఎస్‌బీ 3 పోర్టుకు (నీలం రంగుది) ఒక చిన్న ఎస్ఎస్‌డీ (కార్డుకన్నా చాలా వేగంగా రాసే డిస్కు) తగిలించి, ఎన్ఎఫ్ఎస్ ఫోల్డరును అందులోకి మార్చండి. అప్పుడు గిగాబిట్ లింకే హద్దు అవుతుంది, పటానికి 0.3 సెకను, మొత్తం మీద పావు నిమిషం.

ఉష్ణపటం

పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన ఎస్ఎస్‌డీ ఒకటి ఉంటే పెట్టి చూశాను. 5 నిమిషాల 40 సెకన్లు పట్టింది. స్విచ్ కొనడం మానుకున్నాను.