స్లామ్, ఫ్లే, రిబ్యూక్, సెన్షర్: అన్నిటికీ ‘మండిపడ్డారు’ సరిపోతుందా?

ప్రశ్న (పత్రిక డెస్కు ఉద్యోగిని)

అందరికీ నమస్కారం. ఒక దినపత్రికలో రెండేళ్లుగా ఇంగ్లీషు ఏజెన్సీ వార్తలను తెలుగు చేస్తున్నాను. ఎవరో ఒకరు మరొకరిని విమర్శించని రోజంటూ ఉండదు గనుక స్లామ్, ఫ్లే, లాంబేస్ట్, రిబ్యూక్, సెన్షర్ వంటి క్రియలు రోజూ ఎదురవుతూనే ఉంటాయి. నిఘంటువు తెరిస్తే దాదాపు అన్నిటికీ ‘తీవ్రంగా విమర్శించు’, ‘నిందించు’ అనే అర్థాలే కనిపిస్తాయి. అందుకని వేడి తక్కువైతే ‘విమర్శించారు’ అనీ, ఎక్కువైతే ‘మండిపడ్డారు’ అనీ రాస్తూ వచ్చాను. ఈ మధ్య ఒక అధికారిని ఆయన శాఖ సెన్షర్ చేసిందన్న వార్తలో ‘అధికారిపై శాఖ మండిపడింది’ అని రాస్తే, అదే శాఖలో పనిచేసే పాఠకుడొకరు ఫోన్ చేసి, అక్కడ ఎవరూ కోప్పడలేదనీ, ఆయనకు శిక్ష పడిందనీ చెప్పారు. మరునాడు సవరణ వేశాం. ఒక మనిషి ఉద్యోగ జీవితానికి సంబంధించిన విషయాన్ని అలా తేలిగ్గా రాసినందుకు నాకు చాలా బాధగా ఉంది. ఈ క్రియలను వేడిని బట్టి కాకపోతే మరి దేన్ని బట్టి విడదీయాలి?

జవాబు 1 (విశ్రాంత ప్రభుత్వోద్యోగి)

అమ్మా, ముప్పై ఏళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి కనుక సెన్షర్ సంగతి వరకు చెప్పగలను. కేంద్ర ఉద్యోగులకు వర్తించే 1965 నాటి సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమావళిలో 11వ నియమం శిక్షలను వరుసగా పేర్కొంటుంది. అందులో స్వల్ప శిక్షల కింద మొట్టమొదటిది సెన్షర్. పై అధికారి గదిలోకి పిలిచి గట్టిగా నాలుగు మాటలు అంటే అది సెన్షర్ అవదు. లిఖితపూర్వకంగా హెచ్చరించినా అవదు, ఎందుకంటే హెచ్చరిక ఆ శిక్షల జాబితాలోనే లేదు. అభియోగం తెలియజేసి, ఉద్యోగి సంజాయిషీ తీసుకుని, ఉత్తర్వు జారీ చేసి, సర్వీసు రిజిస్టరులో నమోదు చేసినప్పుడే అది సెన్షర్. మా కాగితాలలో దానిని ‘అభిశంసన’ అని రాసేవాళ్లం. అయితే న్యాయమూర్తులను, రాష్ట్రపతిని పదవి నుంచి తొలగించే ప్రక్రియకూ పత్రికలు అదే మాట వాడుతున్నాయి కాబట్టి, మీరు ‘అభిశంసన శిక్ష విధించారు’ అని విడమరచి రాస్తే పాఠకుడు పొరబడడు.

కోర్టులలోనూ ఇలాంటిదే ఒకటుంది. నేరస్థుల ప్రొబేషన్ చట్టం, 1958 లోని 3వ సెక్షన్ ప్రకారం, కొన్ని చిన్న నేరాలలో మునుపు శిక్ష పడనివారిని జైలుకు పంపకుండా అడ్మానిష్ చేసి వదిలిపెట్టవచ్చు. దానికి ‘మందలించి విడిచిపెట్టారు’ అన్న తెలుగు అతికినట్టు సరిపోతుంది.

జవాబు 2 (ఇంగ్లీషు ఉపాధ్యాయుడు)

పై జవాబులోనే మీ ప్రశ్నకు తాళంచెవి ఉంది. ఎంత వేడిగా అన్నారన్నది తరవాతి సంగతి. ముందు, ఎవరు ఎవరిని ఏ హక్కుతో అంటున్నారో చూడాలి. రిబ్యూక్, రెప్రిమాండ్ అన్నవి మామూలుగా పైనున్నవారు కిందివారిని అనే మాటలు. వాటిలో రెప్రిమాండ్‌కు అధికారిక ముద్ర కూడా ఉంది; సైనిక చట్టంలో అదొక శిక్ష. బిరేట్‌లో మనిషిని ఎదుట నిలబెట్టి చాలాసేపు కోపంగా తిట్టడం ఉంటుంది. రిప్రోచ్ చేసేది ఎక్కువగా మనవాళ్లే. అందులో కోపం కన్నా నొచ్చుకోవడం ఎక్కువ, కాబట్టి దానికి ‘నిష్ఠూరమాడటం’ కన్నా మంచి మాట నాకు తోచదు.

ఫ్లే అంటే చర్మం ఒలవడం. ఎక్స్‌కోరియేట్‌లోనూ తోలు అనే అర్థమున్న లాటిన్ మాటే దాగి ఉంది. మనకూ ‘తోలు తీస్తాను’ ఉంది కదా అని దానిని వార్తలో పెట్టలేం, ఎందుకంటే తెలుగులో అది ఎదుటివాడిని బెదిరించే మాటగానే ఉండిపోయింది.

మా విద్యార్థులు తరచుగా చేసే ఒక తప్పును కూడా ఇక్కడ చెప్పాలి. ‘ప్రభుత్వంపై మండిపడ్డారు’ అనే మన వాక్యం మనసులో మెదులుతూ ఉండటం వల్ల వాళ్లు ‘స్లామ్డ్ ఆన్ ద గవర్నమెంట్’ అని రాస్తారు. స్లామ్, ఫ్లే, క్రిటిసైజ్ అన్నవి నేరుగా కర్మను తీసుకుంటాయి, మధ్యలో ఏమీ అక్కరలేదు. లాష్ ఔట్‌కు మాత్రం ‘ఎట్’ కావాలి, రెయిల్‌కు ‘అగెనెస్ట్’ గానీ ‘ఎట్’ గానీ కావాలి. కారణం చెప్పేటప్పుడు క్రిటిసైజ్ తరవాత ‘ఫర్’, అక్యూజ్ తరవాత ‘ఆఫ్’ వస్తాయి.

జవాబు 3 (పూర్వ ఉపసంపాదకుడు)

ఇంగ్లీషు శీర్షికలో స్లామ్, రాప్, ఫ్లే ఎక్కువగా కనబడటానికి అవి పొట్టి మాటలు కావడం ఒక ముఖ్య కారణం. కాలమ్ వెడల్పులో ఇమిడిపోతాయి. కాబట్టి శీర్షికలోని క్రియను నమ్మి తెలుగు చేయకండి. లోపల వార్త చదివి, ఆ వ్యక్తి నిజంగా ఏమన్నాడో చూశాకే మాట ఎంచుకోండి.

ఎంచుకోవడానికి మనకు కొదవ లేదు. కళ్లంలో నూర్చిన ధాన్యాన్ని చేటతో ఎత్తి గాలివాటంలో కొద్దికొద్దిగా జారవిడిస్తే గింజ కాళ్ల దగ్గర రాశిగా పడుతుంది, పొల్లు ఎగిరి దూరంగా పోతుంది. ఆ పనిని తూర్పారబట్టడం అంటారు. అందుకే బడ్జెట్‌ను పద్దు పద్దుగా విప్పి లోపాలు చూపిన ప్రసంగానికి ‘తూర్పారబట్టారు’ తగినట్టు ఒక్క వాక్యంలో దూషించి వెళ్లిపోయినవారికి తగదు. ‘ధ్వజమెత్తారు’ అన్నది అధికారంలో ఉన్నవారి మీద ఎదురు నిలిచినవారికే చెల్లుతుంది. మంత్రి తన గుమస్తా మీద ధ్వజమెత్తడు. ‘అక్షింతలు వేసింది’, ‘మొట్టికాయలు వేసింది’ అన్నవి హైకోర్టు ప్రభుత్వాన్ని తప్పుపట్టినప్పుడు మనం వాడుతున్నవే, వాటిలో పై నుంచి కిందికి పడే దెబ్బ స్పష్టంగా ఉంది. ఇంగ్లీషు రాప్‌కు అవి బాగా దగ్గర.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ రోజు వచ్చిన ఒక వార్తలో, సమీక్షా సమావేశంలో కలెక్టర్ ఇంజినీర్లను అందరి ముందు పుల్ అప్ చేశారని ఉంది. మొదట ‘నిప్పులు చెరిగారు’ అని టైపు చేసి, మళ్లీ పూర్తిగా చదివాను. పనులు ఎందుకు ఆగాయని అడిగి, పది రోజులు గడువు ఇచ్చారంతే. ‘కలెక్టర్ ఇంజినీర్లను మందలించారు’ అని మార్చి పంపాను.