ఆఫీస్ కాల్‌లో స్కార్ఫ్ అల్లుకుంటే తప్పేంటి?

అల్లికల_రాజు:
హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ నేను, క్లయింట్ అమెరికా, ఇక చెప్పేదేముంది రాత్రి తొమ్మిదిన్నరకి స్టేటస్ కాల్ మొదలైతే పదకొండు దాటినా వదలరు, ఇరవై మంది జాయినవుతారు మాట్లాడేది ముగ్గురు, మిగతావాళ్ళం మ్యూట్‌లో కూర్చుని మన పేరెప్పుడు పిలుస్తారా అని చూస్తుండటమే. సోమవారం చెప్పిన రిక్వైర్‌మెంట్ గురువారానికి ఉండదు. ఈమధ్య కష్టపడి చేసిన మాడ్యూల్ మొత్తం "ప్రయారిటీ మారింది" అని ఒక్క మెయిల్‌తో పక్కన పడేశారు.

ఈ గోల తట్టుకోలేక అమ్మ దగ్గర నిట్టింగ్ నేర్చుకున్నా. చేతులు ఆడుతుంటే చెవులు బాగా పనిచేస్తున్నాయి నాకు, ఇదివరకు ఫోన్ చూసుకుంటూ సగం కాల్ వదిలేసేవాణ్ణి. కాల్ అయ్యేసరికి బెత్తెడు స్కార్ఫ్ పెరుగుతుంది, దాన్ని ఎవడూ రోల్‌బ్యాక్ చెయ్యలేడు, విప్పాలంటే నేనే విప్పాలి. మొన్న కెమెరా ఆన్ చెయ్యమన్నారు, సూదులు కనబడ్డాయి, అప్పట్నుంచి మేనేజర్ "ఏం బామ్మగారూ" అంటాడు, అందరూ నవ్వుతారు. మానేయాలా? ఇంకోటి, స్కార్ఫ్ అంచులు రెండువైపులా చుట్టుకుపోతున్నాయి, ఇస్త్రీ చేస్తే సరిపోతుందా?

ఉన్ని_ఉండ:
ఇస్త్రీ మాత్రం పెట్టకండి బాబూ!! మన షాపుల్లో చవగ్గా దొరికే ఊలు ఎక్కువగా అక్రిలిక్, వేడి తగిలితే చచ్చుబడి వేలాడిపోతుంది, మళ్ళీ మామూలుగా అవదు. ముందువైపు అంతా నిట్, వెనకవైపు అంతా పర్ల్ వేస్తున్నారు కదా (ఇవి రెండు రకాల కుట్లు, మా అత్తయ్య సీదా ఉల్టా అంటారు), ఆ అల్లిక స్వభావమే చుట్టుకోవడం, మీ చేతిలో లోపం లేదు. ఈసారి రెండు అంచుల్లోనూ నాలుగైదు కుట్లు ప్రతి వరసలో నిట్టే వెయ్యండి, లేదా మొత్తం రెండు నిట్ రెండు పర్ల్ వేసుకుంటూ పోండి.

సూదులు కొనేటప్పుడు మిల్లీమీటర్లు చూడండి. అమెరికా వాళ్ళ వీడియోలో 8 నంబర్ అంటే 5 మి.మీ., మన దగ్గర పాత బ్రిటిష్ లెక్క కాబట్టి 8 అంటే 4 మి.మీ., పైగా మనకి నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నం, వాళ్ళకి లావు.

రిలీజ్_నైట్:
నేనూ టీమ్ లీడ్‌నే, కొంచెం చేదుగా చెప్తా ఏమనుకోకు బ్రో. కెమెరా ఆన్‌లో ఉన్నప్పుడు వద్దు. నువ్వు వింటున్నావని నీకు తెలుసు, అవతల మాట్లాడేవాడికి తెలీదుగా. కెమెరా ఆఫ్ అయితే నీ ఇష్టం, కానీ కుట్లు లెక్కపెట్టే డిజైన్లు పెట్టుకోకు, లెక్క మధ్యలో నీ పేరు పిలిస్తే రెండూ పోతాయి. బామ్మగారు విషయం మాత్రం ఊరుకోకు, వన్ ఆన్ వన్‌లో, అంటే మీరిద్దరే మాట్లాడుకునే మీటింగ్‌లో, "సార్ అలా పిలవకండి" అని సూటిగా చెప్పేయ్, నవ్వి ఊరుకుంటే అదే పేరు ఖాయమైపోద్ది.

గోదారిపిల్ల:
మాది నర్సాపురం వైపండి. మా దగ్గర లేసు అల్లుతారు, అది రెండు సూదుల పని కాదు, ఒక్క కొక్కెం సూదితో దారం అల్లడం, 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పించిపోయారు, 2024లో జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ప్రాంతపు పనేనని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. ట్యాగ్ బానే ఉంది గానీ, అల్లే ఆడవాళ్ళకి పీసుకి ఇంత అని చేతిలో పెట్టేది చూస్తే ఏడుపొస్తుంది. నేను అకౌంట్స్ జాబ్‌లో తల వాచిపోయి ఇంటికొచ్చి అల్లుకుంటుంటే మా అమ్మమ్మ "దీనికెంతిస్తారే" అంది, ఊరికే అల్లుకుంటున్నా అంటే నమ్మలేదు, వాళ్ళకది సరదా కాదు కదా, కళ్ళు పోయేదాకా చేసిన పని. మీ మేనేజర్ దాన్ని బామ్మల కాలక్షేపం అనుకుంటున్నాడు పాపం. ఒక్కటే చెప్తా, ఆఫీసులో ఎవరికీ అల్లిపెడతానని ఒప్పుకోకండి, డబ్బులిస్తామన్నా సరే, ఒకసారి డెడ్‌లైన్ వచ్చిందంటే అదీ ఆఫీసే.

అల్లికల_రాజు:
థాంక్స్ అందరికీ. బ్రో చెప్పింది కాస్త గుచ్చుకుంది గానీ నిజమే, కెమెరా ఆన్ అయితే పక్కన పెట్టేస్తా. అంచుకి నిట్ వేసి కొత్త స్కార్ఫ్ మొదలెట్టా. గోదారిపిల్ల గారూ మీరు లేటండీ, టెస్టింగ్ టీమ్‌లో ఒకాయన వాళ్ళ పాపకి టోపీ కావాలని ఆల్రెడీ అడిగేశాడు, ఏం చెప్పను?

రిలీజ్_నైట్:
టికెట్ రెయిజ్ చెయ్యమను. బ్యాక్‌లాగ్‌లో పెట్టు, పెండింగ్ పనుల లిస్టులో చివర్న.